టఫెన్డ్ వేశాం కదా అంటే సరిపోదు.. పగిలితే ఏమవుతుంది? సాగర్ రోడ్డు గాజు బిల్డింగుల అసలు లెక్క ఇదీ

ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి జిల్లా): సాగర్ హైవే మీద ఓసారి అలా వెళ్లి చూడండి. బొంగ్లూరు దగ్గర ఔటర్ దాటింది మొదలు ఇబ్రహీంపట్నం దాకా రోడ్డుకు అటూ ఇటూ కొత్త బిల్డింగులే. ఆదిబట్లలో టీసీఎస్, ఏరోస్పేస్ కంపెనీలు, కొంగరకలాన్‌లో జిల్లా కలెక్టరేట్, ఆ పక్కనే ఫాక్స్‌కాన్.. వీటి చుట్టూ షోరూమ్‌లు, ఆస్పత్రులు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఒకప్పుడు ఇనుప షట్టర్ వేసుకున్న చోట ఇప్పుడు ముందంతా గాజే. ఇళ్లల్లోనూ అంతే. మెట్లకు గాజు రెయిలింగ్, బాల్కనీకి గాజు, బాత్రూమ్‌లో గాజు అడ్డం. ఎలివేషన్ బాగుండాలి, చూడగానే 'రిచ్‌గా' కనిపించాలి. అంతవరకు తప్పేం లేదు.

కానీ గాజు షాపుకు వెళ్లినవాళ్లు అడిగేది మందం ఎంత, రంగు ఏంటి, అడుగు ఎంత పడుతుంది అన్నంత వరకే. షాపువాళ్లు చెప్పే మాట కూడా దాదాపు ఒకటే. 'టఫెన్డ్ వేయించుకోండి సార్, పగలదు'. అసలు చిక్కంతా ఈ 'పగలదు' దగ్గరే ఉంది. పగలని గాజు లేదు. ఎలా పగులుతుంది, పగిలాక ఆ ముక్కలు ఎక్కడికి పోతాయి అన్నదే ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

2020 జూన్‌లో కేరళలోని పెరుంబావూర్‌లో ఏం జరిగిందో చాలామంది టీవీల్లో చూసే ఉంటారు. ఓ బ్యాంకు శాఖకు వచ్చిన మహిళ బయట ఏదో మరిచిపోయి హడావుడిగా వెనక్కి పరుగెత్తారు. మధ్యలో గాజు తలుపు ఉన్న సంగతి గమనించలేదు. తలుపు పగిలింది, పెద్ద పెంకు కడుపులో దిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు. సీసీటీవీ దృశ్యాలు దేశమంతా తిరిగాయి. అదే తలుపు చిన్న చిన్న గింజల్లా రాలిపోయే గాజుతో చేసినదై ఉంటే గీతలు పడి ఉండేవి, నాలుగు కుట్లు పడి ఉండేవి. గాజు ఎంపిక అంటే ఇంత తేడా.

కారు అద్దాల్లోనే ఉంది సమాధానం

ఇది అర్థం కావాలంటే ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, ఇంటి ముందున్న కారు చూస్తే చాలు. పక్క డోర్ అద్దం పగిలితే పటిక బెల్లం ముక్కల్లా కుప్పగా రాలిపోతుంది. అది టఫెన్డ్. ముందు అద్దానికి రాయి తగిలితే సాలెగూడులా బీటలు వారుతుంది కానీ ఊడి ఒళ్లో పడదు. అది లామినేటెడ్. రెండూ సేఫ్టీ గ్లాసులే. అయినా కారు కంపెనీ దేన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టింది. మనం ఇల్లు కట్టేటప్పుడు మాత్రం అన్నిచోట్లా ఒకే మాట చెప్పి వచ్చేస్తున్నాం.

టఫెన్డ్ అంటే మామూలు గాజును 600 డిగ్రీలు దాటేలా వేడి చేసి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లార్చినది. పైపొర బిగుసుకుపోయి, మామూలు గాజు కంటే నాలుగైదు రెట్ల బలం వస్తుంది. ఎండలో సగం, నీడలో సగం ఉంటే మామూలు గాజు సుమారు 40 డిగ్రీల తేడాకే పగలొచ్చు. టఫెన్డ్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పడమటి ఎండ తగిలే ముఖానికి ఇది పెద్ద లాభమే. పగిలితే ఎలా ఉండాలన్నదానికీ లెక్క ఉంది. యూరప్ ప్రమాణం ప్రకారం 4 నుంచి 12 ఎంఎం గాజు పగిలినప్పుడు 50 మిల్లీమీటర్ల చదరంలో కనీసం 40 ముక్కలు కావాలి. ముక్క ఎంత చిన్నదైతే అంత క్షేమం.

లామినేటెడ్ కథ వేరు. రెండు గాజుల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి, వేడి, ఒత్తిడితో అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరను పట్టుకునే ఉంటాయి. 1903లో ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త చేతిలోంచి ఓ గాజు సీసా కిందపడింది. పగిలింది కానీ చెదరలేదు. లోపల ఎండిన రసాయనం పొరలా పట్టి ఉంచిందట. లామినేటెడ్ గ్లాస్ పుట్టుక అలా మొదలైందని చెబుతారు.

ఇప్పుడు మీ ఇంటి రెండో అంతస్తు బాల్కనీకి రండి. పిల్లలు ఆనుకునే రెయిలింగ్‌కు ఒంటి పలక టఫెన్డ్ వేశారనుకోండి. దెబ్బ తగిలి పగిలితే గింజలై మొత్తం కిందికి రాలుతుంది. కోసుకోదు, నిజమే. కానీ ఆ క్షణం నుంచి అక్కడ రెయిలింగే లేదు! ఆనుకున్న మనిషి గాజుతోపాటే కిందికి పోతాడు. అందుకే పడిపోయే ప్రమాదం ఉన్న చోట, తలపైన ఉండే గాజు కప్పులకు, పోర్టికోలకు లామినేటెడే కావాలి. ఇంకా మంచిది రెండు టఫెన్డ్ పలకలను కలిపి లామినేట్ చేయించడం. ఖర్చు ఎక్కువే. కానీ ఇంట్లో ఎక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు. ఎలివేషన్ లైట్లలో తగ్గించినా సరిపోతుంది.

బాత్రూమ్ అడ్డానికి, గదుల మధ్య తలుపులకు టఫెన్డ్ చాలు. షోరూమ్ ముందు తలుపుకీ అదే, కాకపోతే ఫిట్టింగులు గట్టివి ఉండాలి. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న 12 ఎంఎం గాజు తలుపు బరువు సుమారు 58 కిలోలు. ఓ మనిషి బరువంత! నాసిరకం ప్యాచ్ ఫిట్టింగ్ వేసి, అంత బరువును రోజుకు వందసార్లు తిప్పితే ఏదో ఒక రోజు కిందికి వస్తుంది. తలుపు మీద పెద్దవాళ్ల కంటి ఎత్తులో ఒక స్టిక్కర్ పట్టీ, పిల్లల ఎత్తులో ఇంకొకటి వేయించడానికి ఎంతవుతుంది? అది కూడా లేకనే పరుగున వచ్చి ఢీకొడుతున్నారు.

ఎవరూ ముట్టుకోకుండానే పగిలిందంటే..

వేసవి మధ్యాహ్నం టఫెన్డ్ అద్దం ఎవరూ తాకకుండానే 'ఢాం' అని పగలడం కొందరికి అనుభవమే. పక్కింటి పిల్లల మీద అనుమానం, ఆ తర్వాత గొడవ. చాలాసార్లు తప్పు పిల్లలది కాదు. గాజు తయారీలో లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ అనే అతి సన్నని రేణువు కాలక్రమంలో ఉబ్బుతుంది. బిగుసుకున్న గాజు దాన్ని తట్టుకోలేదు. ఫిట్టింగ్ తప్పుల వల్ల, అంచు దెబ్బతినడం వల్ల కూడా పగులుతుంది. రేణువు ముప్పు తగ్గించడానికి 'హీట్ సోక్' అనే పరీక్ష ఉంది. గాజును మళ్లీ 260 డిగ్రీలకు పైగా వేడిలో కొన్ని గంటలు ఉంచితే, పగలాల్సినవి చాలావరకు ఫ్యాక్టరీలోనే పగిలిపోతాయి. నాలుగంతస్తుల పైన, జనం నడిచే ఫుట్‌పాత్ మీదుగా గాజు పెట్టేవాళ్లు ఈ పరీక్ష కాగితం అడిగి తీరాలి.

నకిలీని పట్టుకోవడం ఎలా? ఒక చిట్కా మాత్రం ఎప్పుడూ తప్పదు. టఫెన్డ్ చేశాక గాజును కోయలేరు, రంధ్రం వేయలేరు. వేస్తే అక్కడే ముక్కలవుతుంది. కాబట్టి సైట్‌కు తెచ్చిన 'టఫెన్డ్' గాజు సైజు సరిపోలేదని మేస్త్రీ మీ కళ్ల ముందే కట్ చేసి బిగించాడంటే, అది మామూలు గాజు. బిల్లులో ఏం రాసినా సరే.

నిజమైనదానిపై మూలలో చెరిగిపోని ముద్ర ఉంటుంది. ఐఎస్ 2553 నంబరు, ఐఎస్‌ఐ గుర్తు, లైసెన్స్ నంబరు చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ ఫ్యాక్టరీదో తెలిసిపోతుంది. స్టిక్కర్ ఉంటే నమ్మొద్దు, ముద్రే ఉండాలి.

చట్టం ఉంది.. అడిగేవాళ్లు ఎవరు?

సేఫ్టీ గ్లాస్ నాణ్యతపై కేంద్రం 2020లో క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. సేఫ్టీ గ్లాస్ పేరుతో అమ్మేదానికి బీఐఎస్ ప్రమాణం ఉండాలన్నది దాని సారాంశం. మంచిదే. కానీ ఆ ఉత్తర్వు అమ్మే సరుకు గురించి మాట్లాడుతుంది. ఏ తలుపుకు, ఏ రెయిలింగ్‌కు సేఫ్టీ గ్లాస్ వేయాలో చెప్పేది వేరే పుస్తకం. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో గాజుకు ప్రత్యేక అధ్యాయం ఉంది. మనుషులు ఢీకొనే ప్రమాదం గురించి ఐఎస్ 16231 నాలుగో భాగం వివరంగా చెబుతుంది. అమెరికా తలుపులకు, షవర్ గదులకు సేఫ్టీ గ్లాస్‌ను 1977లోనే తప్పనిసరి చేసింది. మన కోడ్ మాత్రం రాష్ట్రం, మున్సిపాలిటీ తమ నిబంధనల్లో పెట్టుకుని అడిగితేనే పనిచేస్తుంది. లేదంటే అలమారలో పుస్తకమే. మామూలు గాజు కొని తలుపుకు బిగిస్తే కేంద్రం ఉత్తర్వుకు అడ్డే లేదు!

ఇక్కడి పర్మిషన్ల తీరు చూద్దాం. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, పది మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో అనుమతి వచ్చేస్తుంది. జనానికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ ధ్రువీకరణలో సెట్‌బ్యాక్, ఎత్తు, అంతస్తులు ఉంటాయే తప్ప బాల్కనీ గాజు ఏ రకమో ఎవరూ అడగరు. ఫైర్ ఎన్‌వోసీ సంగతి తీసుకుంటే, వాణిజ్య భవనం 15 మీటర్లు, నివాస భవనం 18 మీటర్ల ఎత్తుకు చేరితే అది అవసరం. ఫంక్షన్ హాళ్లు, స్కూళ్ల లాంటి జనం గుమిగూడే చోట్లకు ఆరు మీటర్ల ఎత్తు లేదా 500 చదరపు మీటర్ల స్థలం నుంచే వర్తిస్తుంది. మరి సాగర్ రోడ్డు మీద మనకు ఎక్కువగా కనిపించేది ఏంటి? గ్రౌండ్ ప్లస్ త్రీ షోరూమ్‌లు, పైన కోచింగ్ సెంటర్, ఆ పైన హాస్టల్. చాలావరకు 15 మీటర్ల లోపే. ముందంతా గాజు, వెనక ఒకే మెట్ల దారి. అంటే ప్రమాదం ఉన్న చోటే తనిఖీ పలచగా ఉంది.

గాజు తెచ్చే రెండో ముప్పు పొగ. 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఏఎంఆర్‌ఐ ఆస్పత్రి అగ్నిప్రమాదంలో సుమారు 90 మంది చనిపోయారు. మంటల కంటే పొగే ఎక్కువమందిని బలిగొంది. భవనం మొత్తం గాజుతో మూసి ఉండటంతో పొగ బయటికి పోలేదు, సిబ్బంది అద్దాలు పగలగొట్టి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిది మంది పోయారు. పొగకు తాళలేక కొందరు కిటికీలు పగలగొట్టి దూకేశారు. మన దగ్గర 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకే ఊపిరాడక చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్లలే.

ఇక్కడో మెలిక ఉంది. బాల్కనీలో మనల్ని కాపాడే లామినేటెడ్ గాజే అగ్నిప్రమాదంలో శత్రువవుతుంది, సుత్తితో కొట్టినా ఓ పట్టాన దారి ఇవ్వదు. టఫెన్డ్ అయితే మూలలో గట్టి దెబ్బకు రాలిపోతుంది. పైగా రెండింటిలో ఏదీ మంటను ఆపే గాజు కాదు. ఫైర్ రేటెడ్ గ్లాస్ పూర్తిగా వేరే సరుకు. అందుకే బిల్డింగ్ కోడ్ ఓ మధ్యేమార్గం చెప్పింది. మూసేసిన గాజు ముఖంలో ప్రతి అంతస్తులో, పది మీటర్లకు మించని దూరంలో, కనీసం మీటరు పొడవు మీటరు వెడల్పుతో బయటికి తెరుచుకునే ప్యానెళ్లు పెట్టాలి. లోపలి వైపు వాటిపై స్పష్టంగా రాసి ఉండాలి. స్లాబుకు, గాజుకు మధ్య ఖాళీని మంట ఎక్కకుండా మూసేయాలి. ఈ రోడ్డు మీద ఏ గాజు బిల్డింగ్ కిందైనా నిలబడి తల పైకెత్తి ఆ ప్యానెళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి.

మరో సంగతి చెప్పకుండా పోలేం. ఇదే జిల్లా షాద్‌నగర్ దగ్గర బూర్గులలో 2024 జూన్ 28న ఓ గాజు పరిశ్రమలో పేలుడు జరిగి కనీసం ఐదుగురు కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. కొనేవాళ్ల భద్రత గురించి మాట్లాడుకునే ఈ సరుకును తయారుచేసే చేతుల భద్రత చర్చకు రావడానికి అలాంటి రోజు కావాల్సి వచ్చింది.

మరి ఏం చేయాలి? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు మున్సిపాలిటీ ఒకే ఒక్క కాగితం అడగొచ్చు. తలుపులు, రెయిలింగులు, ముఖభాగంలో వాడిన గాజు రకం, దాని బీఐఎస్ లైసెన్స్ నంబరు, బిల్డర్ సంతకం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సిబ్బంది అక్కర్లేదు. రేపు ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో తేలడానికైనా ఆ సంతకం పనికొస్తుంది.

ఇప్పటికే మామూలు గాజు వేసేసిన ఇళ్లు, దుకాణాలవాళ్లు అంతా పీకేయాల్సిన పనిలేదు. కిటికీలకు, పక్క అద్దాలకు మందపాటి సేఫ్టీ ఫిల్మ్ అతికిస్తే పగిలినా ముక్కలు దానికే అంటుకుని ఉంటాయి. ఎండకు వేసే నల్ల సన్ ఫిల్మ్ వేరు, ఇది వేరు, కొనేటప్పుడు గట్టిగా అడగాలి. రెయిలింగ్‌కు మాత్రం ఫిల్మ్ పరిష్కారం కాదు. అక్కడ ఉన్నది ఒంటి పలకైతే, గాజు మార్చేదాకా లోపలి వైపు నడుమెత్తున ఓ స్టీలు పైపు అడ్డంగా బిగించుకోండి. ఎలివేషన్ కాస్త చెడుతుంది, అంతే.