బిడ్డ చేతికి ఒక బొమ్మ



తోలుబొమ్మలాట మన తెలుగువారి సొత్తు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అయితే యూసుఫ్‌గూడలోని ఇరుకు గదిలోనైనా, పల్లెలోని వసారాలోనైనా మనకు అంత పని అక్కరలేదు. ఒక పాత మేజోడు చాలును.

మేజోడు చేతికి తొడిగి, నాలుగు వేళ్లు పైదవడగా, బొటనవ్రేలు క్రిందిదవడగా ఆడించండి. కళ్లు దారముతో కుట్టండి; గుండీలు ఊడితే పసివారు మింగుదురు. పొడవాటి గుడ్డచెవులు కుడితే కుందేలు, మెడచుట్టూ ఊలు కుడితే సింహము.

పంచతంత్రములోని సింహము, కుందేలు కథ ఆడండి. బావికి బదులు బకెట్టులో కొంచెము నీళ్లు పెట్టి, ఆట కాగానే పారబోయండి. సింహమును మీరు పట్టుకొని కుందేలును బిడ్డకివ్వండి. చిన్నది గెలిచే ఆ గెలుపు బిడ్డ చేతిలోనే ఉండాలి.

కథ ముగిసిన తరువాత బిడ్డను గాక బొమ్మను అడగండి: "కుందేలూ, నీకు ఎవరంటే భయం?" మనతో చెప్పని మాట కొందరు బిడ్డలు బొమ్మ నోట చెప్పుదురు. బడిలో తగిలిన దెబ్బ కావచ్చు, ఇంట్లో కేకలు కావచ్చు. నవ్వకండి, గద్దించకండి, చుట్టాల యెదుట చెప్పకండి. ఆ సింహము మనమే అయితే, ఆ రాత్రి నుండే మన గొంతు తగ్గించుకొందము.