బ్రాడ్వేలో వన్స్‌మోర్!

మన ఊళ్లలో పద్యనాటకాలు జోరుగా ఆడిన రోజుల్లో ప్రేక్షకులకు ఒక గొప్ప సదుపాయం ఉండేది. పద్యం నచ్చిందా, "వన్స్‌మోర్!" అని ఒక్క కేక! చచ్చి పడి ఉన్న పాత్ర కూడా లేచి కూర్చుని, మళ్లీ రాగం ఎత్తుకుని, పాడేసి, మళ్లీ చచ్చిపోయేదని మా పెద్దవాళ్లు చెప్పి పడీపడీ నవ్వేవారు.

ఆ సదుపాయం న్యూయార్క్‌లో లేదు. అక్కడి బ్రాడ్వే నాటకాల వీరాభిమానులు ఏళ్ల తరబడి వన్స్‌మోర్ అని అరుస్తూనే ఉన్నారు. పాత్ర లేస్తుందా, లేవదా అన్నదే ఈ వారం మన కబురు.

న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురు 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా' నాలుగుసార్లు చూసింది. అది ఆగిపోయాక నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, మళ్లీ ఎప్పుడు వేస్తారు? సినిమా పేపర్లవాడివి కదా, నీకు తెలీకుండా ఉంటుందా?" అంది. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ ముందు కూర్చున్నవాణ్ణి న్యూయార్క్ సంగతి అడగడం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఆ గొంతులో దిగులు చూస్తే నాకు నవ్వు రాలేదు. అప్పట్నుంచి ఈ విషయం మీదే పడ్డాను.

ఫాంటమ్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్యారిస్ సంగీత నాటకశాల. దాని అడుగున నేలమాళిగలో ముసుగేసుకుని బతికే ఒక వికృత రూపుడు. పైన పాడే క్రిస్టీన్ అనే అమ్మాయి మీద అతనికి పిచ్చి ప్రేమ. ఆండ్రూ లాయిడ్ వెబర్ సంగీతం, హాల్ ప్రిన్స్ దర్శకత్వం. ప్రేక్షకుల నెత్తిమీంచి పెద్ద షాండిలియర్ దీపం ఊగుతూ వచ్చి స్టేజీ మీద పడుతుంది చూడండి... ఆ ఒక్క సీను కోసమే టికెట్ కొన్నవాళ్లున్నారు. 1988 జనవరి 26న మెజెస్టిక్ థియేటర్‌లో మొదలైంది. 2023 ఏప్రిల్ 16న ఆఖరి ఆట. మొత్తం 13,981 ఆటలు! బ్రాడ్వే చరిత్రలో మరే నాటకమూ ఇన్ని ఆడలేదు. మనం వంద రోజులకే షీల్డులు పంచుతాం. వాళ్లది ముప్పై అయిదేళ్లు.

మరి అంతలా ఆడేదాన్ని ఎందుకు ఆపారు? డబ్బు, ఇంకేముంది! ఆ ఆట నడపాలంటే వారానికి దాదాపు తొమ్మిదిన్నర లక్షల డాలర్లు కావాలి. వాద్యబృందంలోనే 27 మంది. అప్పట్లో బ్రాడ్వేలో అంత పెద్ద బృందం ఇంకో ఆటకు ఉండేది కాదు. కరోనా తర్వాత విదేశీ యాత్రికులు పల్చబడ్డారు. కొన్ని వారాలు వచ్చింది ఖర్చుకే చాలలేదు. 2022 సెప్టెంబర్‌లో నిర్మాత కామెరాన్ మాకింతోష్, వచ్చే ఫిబ్రవరి 18తో సరి అని ప్రకటించాడు.

అంతే! టికెట్ల కిటికీల దగ్గర జాతర. ఇన్నాళ్లూ "ఎక్కడికి పోతుందిలే, వచ్చే ఏడాది చూద్దాం" అనుకున్నవాళ్లంతా ఒక్కసారి ఎగబడ్డారు. దాంతో ఆటని ఏప్రిల్ దాకా పొడిగించారు. చివరి వారం వసూలు ముప్పై లక్షల డాలర్లు దాటింది. ఈ జనంలో సగం మంది అంతకుముందు ఏడాది వచ్చి ఉంటే ఆట ఆగేదే కాదేమో అని నాకు అనిపిస్తుంది. అభిమానులకు ఈ మాట రుచించదు. మా చెల్లెలికి చెప్తే ఫోన్ పెట్టేసింది!

ఇక్కడ సినిమాకీ నాటకానికీ ఉన్న తేడా చెప్పుకోవాలి. 2022లో 'పోకిరి'ని మళ్లీ వేస్తే హాళ్లలో కుర్రాళ్లు ఎంత గోల చేశారో మీకు నేను చెప్పాలా? అందులో మీరూ ఉండే ఉంటారు. సినిమాకి ఆ వీలుంది. బొమ్మ ఎక్కడో భద్రంగా ఉంటుంది. దుమ్ము దులిపి, మెరుగులు దిద్ది వేస్తే అదే హీరో, అదే వయసు, అదే నడక. నాటకానికి అలా కుదరదు. చివరి ఆట అయిన మర్నాటి నుంచే సెట్టింగులు విప్పేస్తారు. నటులు తలా ఒక దిక్కు వెళ్లిపోతారు. ఫాంటమ్ వాద్యబృందంలో 1988 నుంచీ అదే కుర్చీలో కూర్చుని వాయించినవాళ్లు కొందరున్నారు. పెళ్లిళ్లూ, పిల్లలూ, మనవలూ అన్నీ ఆ ఒక్క ఆట జీతం మీదే! వాళ్ల వాయిద్యాలు పెట్టెల్లోకి వెళ్లిపోయాక "అదే ఆట మళ్లీ" అంటే ఎవరు వాయిస్తారు?

అలాగని ఎక్కడా ఏమీ మిగలదని కాదు. న్యూయార్క్‌లో లింకన్ సెంటర్ దగ్గర కళారూపాల గ్రంథాలయం ఉంది. 1970 నుంచి వాళ్లు బ్రాడ్వే నాటకాలని చిత్రీకరించి దాస్తున్నారు. అయితే పరిశోధన కోసమనో, వృత్తి పని కోసమనో కారణం చెప్పుకుని అక్కడికే వెళ్లి చూడాలి. ఇంటికివ్వరు, బయట వెయ్యరు. పాప్‌కార్న్ తింటూ చూసే యోగం అసలే లేదు! బీరువాలో బంగారం ఉన్నా మెడలో వేసుకోవడానికి లేదన్నమాట.

మరి అభిమానుల ఆశకి ఆధారమేమిటి? ఉంది. దాని పేరు 'బీటిల్‌జ్యూస్'.

ఇది మంచి మసాలా ఉన్న కథ. టిమ్ బర్టన్ తీసిన దెయ్యాల సినిమాని నాటకంగా మార్చి 2019 ఏప్రిల్‌లో వింటర్ గార్డెన్ థియేటర్‌లో మొదలుపెట్టారు. పెట్టుబడి రెండు కోట్ల పది లక్షల డాలర్లు. మొదట్లో వసూళ్లు నీరసం. బ్రాడ్వేలో హాలువాళ్లకి ఒక హక్కుంటుంది. వసూలు ఒక గీత కిందకి పడితే ఆటని ఖాళీ చేయమనొచ్చు. మన ట్రేడ్‌లో హోల్డోవర్ అంటారే, ఇంచుమించు అదే లెక్క. ఈలోగా ఏమైందంటే, టోనీ అవార్డుల సభలో ఈ ఆట ముక్క ఒకటి టీవీలో చూపించారు. కుర్రకారు ఆ పాటలకి టిక్‌టాక్‌లో ఆడటం మొదలెట్టారు. నల్లచారల కోట్లు వేసుకుని హాలుకి వచ్చేవాళ్లు. వసూలు వారానికి పది లక్షల డాలర్లు దాటింది!

కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. హ్యూ జాక్‌మన్ తెలుసుగా, మన 'వుల్వరీన్'... ఆయనతో 'ది మ్యూజిక్ మ్యాన్' వేయడానికి హాలువాళ్లు ఒప్పుకున్నారు. 2020 జూన్ 6న ఖాళీ చేసి వెళ్లిపోవాలన్నారు. అభిమానులు సంతకాలు సేకరించారు, బతిమాలారు, తిట్టారు. ఏం లాభం? అసలు జూన్ దాకా కూడా పోలేదు. మార్చిలోనే కరోనా వచ్చి బ్రాడ్వే మొత్తానికి తాళం వేసింది.

అందరూ అయిపోయిందనుకున్నారు. 2022 ఏప్రిల్ 8న చూస్తే మార్కీ థియేటర్ ముందు మళ్లీ ఆ చారల కోట్లే! అదే ఆట, ఇంకో హాల్లో మళ్లీ మొదలైంది. 2023 జనవరి 8 దాకా ఆడింది. తమాషా ఏమిటంటే, దాన్ని గెంటించిన 'మ్యూజిక్ మ్యాన్' కూడా సరిగ్గా వారం తర్వాత, జనవరి 15న మూటాముల్లె సర్దుకుంది! అక్కడితో ఆగిందా? ఊళ్లూళ్లు తిరిగే టూర్ బృందం 2025 అక్టోబర్‌లో బ్రాడ్వే పాలెస్ థియేటర్‌లో కొన్ని వారాల కోసం దిగింది. ఒక్క నాటకం మూడుసార్లు, మూడు హాళ్లలో!

ఇది చూసిన ఏ అభిమాని అయినా "మాదెందుకు రాదు?" అని అడక్కుండా ఎలా ఉంటాడు?

అయితే బీటిల్‌జ్యూస్ తిరిగి రాగలిగిందంటే రెండేళ్లే గడిచాయి కాబట్టి. హాలు దొరికింది కాబట్టి. బ్రాడ్వేలో ఉన్న హాళ్లు మొత్తం 41. కొత్త ఆటలు క్యూలో నిలబడి ఉంటాయి. పాతదానికి చోటివ్వాలంటే ఎవరిదో ఒకరిది తేలిపోవాలి. దీపావళికి థియేటర్లు దొరక్క మన చిన్న నిర్మాతలు పడే పాట్లు గుర్తు తెచ్చుకోండి.

పదేళ్లో, ఇరవై ఏళ్లో గడిచాయంటే వచ్చేది పాత ఆట కాదు. పాత పాటలతో కొత్త ఆట. నాకైతే అందులో తప్పేం కనిపించదు. 'షికాగో' 1975లో వచ్చినప్పుడు బాగానే ఆడింది గానీ చరిత్రలు సృష్టించలేదు. 1996లో సెట్టింగులు దాదాపు తీసేసి, నల్లదుస్తుల్లో నటుల్ని నిలబెట్టి మళ్లీ వేశారు. అప్పట్నుంచి, కరోనా మూత తప్పిస్తే, ఆగలేదు! ఇంకా విడ్డూరం 'మెరిలీ వుయ్ రోల్ అలాంగ్'. స్టీఫెన్ సాండ్‌హైమ్ సంగీతం. 1981లో మొదలయ్యాక పదహారంటే పదహారే ఆటలు. అట్టర్ ఫ్లాప్! కానీ రికార్డు విన్నవాళ్లు దాన్ని వదల్లేదు. చిన్న హాళ్లలో, కాలేజీల్లో వేస్తూనే వచ్చారు. 2023లో హ్యారీ పాటర్ కుర్రాడు డేనియల్ రాడ్‌క్లిఫ్, జొనాథన్ గ్రాఫ్ లాంటివాళ్లతో బ్రాడ్వేకి తిరిగొచ్చి, మరుసటి ఏడాది టోనీల్లో ఉత్తమ పునఃప్రదర్శన అవార్డు కొట్టేసింది. రాడ్‌క్లిఫ్‌కీ గ్రాఫ్‌కీ కూడా టోనీలొచ్చాయి. సాండ్‌హైమ్ మాత్రం ఆ రోజు చూడలేదు. 2021 నవంబర్‌లోనే పోయారు.

మళ్లీ ఫాంటమ్ దగ్గరకొద్దాం. ఆఖరి ఆట రాత్రి స్టేజీ మీద మాకింతోష్ ఒక మాటన్నాడు: గొప్ప మ్యూజికల్స్ అన్నీ తిరిగి రావడం తన అనుభవంలో చూశాననీ, దీనికీ ఆ రోజు వస్తుందనీ. అభిమానులు ఆ మాట పట్టుకుని వేలాడుతున్నారు. కానీ లండన్‌లో ఏం జరిగిందో కూడా చూడాలి కదా. అక్కడ 1986 నుంచి ఆడుతున్న ఫాంటమ్ కరోనాకి ఆగింది. ఇక శాశ్వతంగా ఆపేశామన్నట్టు 2020లో మాకింతోష్ చెప్పేసరికి జనం గగ్గోలు పెట్టారు. 2021 జూలైలో మళ్లీ తెర లేచింది. అమ్మయ్య అనుకున్నారు. తీరా వెళ్లి చూస్తే 27 మంది ఉండాల్సిన వాద్యబృందంలో 14 మందే ఉన్నారు! పాట అదే, వాయించే చేతులు సగమే. తిరిగొచ్చినందుకు ఏడవాలా, నవ్వాలా? చెవి బాగా ఉన్నవాళ్లు ఆ తేడా గురించి ఇప్పటికీ కొట్టుకుంటారు.

న్యూయార్క్‌లో 2025లో ఇంకో ఎత్తు వేశారు. 'మాస్కరేడ్' అని పేరు. హాలూ కుర్చీలూ లేవు. 57వ వీధిలో ఒక పాత భవనం మొత్తాన్ని ఫాంటమ్ లోకంగా మార్చేశారు. ప్రేక్షకులు కూడా ముసుగులు తగిలించుకుని, చిన్న చిన్న గుంపులుగా గది తర్వాత గది తిరుగుతూ, ఫాంటమ్ వెంట మెట్లు ఎక్కుతూ దిగుతూ కథ చూడాలి. ఒకే సాయంత్రం పలు జంటలు ఫాంటమ్, క్రిస్టీన్ వేషాలు కడతాయి. మా చెల్లెలు వెళ్లొచ్చింది. "ఎలా ఉందే?" అంటే, "ఫాంటమ్ నా పక్కనే నిలబడి పాడాడు అన్నయ్యా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర" అంది. ఒక క్షణం ఆగి, "కానీ మెజెస్టిక్‌లో చివరి వరసలో కూర్చున్నప్పుడు ఏడ్చాను. ఇక్కడ ఏడుపు రాలేదు" అంది.

ఆ మెజెస్టిక్‌కి మరమ్మతులు చేసి 2024 డిసెంబర్‌లో 'జిప్సీ' మొదలెట్టారు. 2025 ఆగస్టుకి అదీ అయిపోయింది.

అన్నట్టు, మన గుండెకి దగ్గరైన ఆట ఒకటుంది. ఏ.ఆర్. రెహమాన్ 'బాంబే డ్రీమ్స్'. 2002లో లండన్‌లో వెబర్ నిర్మించగా రెండేళ్లు ఆడింది. 2004 ఏప్రిల్ 29న న్యూయార్క్‌లో దిగింది. బొంబాయి మురికివాడ కుర్రాడు సినిమా హీరో కావాలని కలలు కనే కథ. నృత్యాల్లో మన ఫరా ఖాన్ చెయ్యి ఉంది. మీరు 'ఒకే ఒక్కడు' టేపు అరిగిపోయేలా విన్న 'షకలక బేబీ' స్టేజీ మీద, నీళ్లు చిమ్మే ఫౌంటెన్ల మధ్య! విమర్శకులు పెదవి విరిచారు. 284 ఆటలు ఆడి 2005 జనవరి 1న ఆగింది. పెట్టుబడి వెనక్కి రాలేదు. 2006లో అమెరికా ఊళ్లు కొన్ని తిరిగింది.

అప్పట్లో బ్రాడ్వేకి మన సినిమా అంటే వింత వస్తువు. 2023లో 'నాటు నాటు' ఆస్కార్ వేదిక మీద ఆడాక పరిస్థితి అదేనా? ఇప్పుడు వేస్తే టికెట్లు కొనేవాళ్లు న్యూజెర్సీలోనే ఎంతమంది ఉంటారో లెక్క వేసుకోండి. నిర్మాతలు వింటున్నారో లేదో గానీ, నా వంతు కేక నేను వేసేస్తున్నాను: వన్స్‌మోర్! మీ కేక కూడా కలపాలనుకుంటే కార్డు ముక్క రాయండి. వచ్చిన కార్డులన్నీ మా చెల్లెలికి పంపిస్తాను. ఆ వీధుల్లో తిరిగేది తనే కదా.