నేడు కొనుటయా, రేపటివరకు ఆగుటయా?

ధర పడిపోవుచున్న వస్తువును ఎప్పుడు కొనవలయును? ఇట్టి ప్రశ్న లోకమునకు క్రొత్తది కాదు. ధాన్యపు వర్తకుడును బంగారపు వర్తకుడును నిత్యము దీనితోనే కాలము గడుపుదురు. అయితే ధాన్యము నేడు దిగినను రేపు ఎక్కును. ఏటేట దిగుటయే స్వభావముగా గల వస్తువు సామాన్యుల యిండ్లలోనికి వచ్చుట మాత్రము క్రొత్త సంగతి. 1975 మొదలు 1990 దాటువరకు, ముఖ్యముగా అమెరికా దేశమునందు, స్వంత కంప్యూటరు కొనినవారును కొనదలచినవారును ఈ చిక్కులో పడి, తమ సంఘములలోను పత్రికలలోను ఎడతెగక వాదించుకొనిరి. ఇరుపక్షముల మాటలలోను సత్యము లేకపోలేదు. కాని ఇరువురును తమ లెక్కలో ఒక పద్దును విడిచిరని మా యభిప్రాయము.

1975 జనవరిలో ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ అను పత్రిక ముఖపత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రము ప్రకటింపబడెను. న్యూమెక్సికో రాష్ట్రమున ఆల్బుకర్కీ పట్టణమునందలి మిట్స్ అను చిన్న కంపెనీ దానిని విడిభాగములుగా సుమారు 400 డాలర్లకు అమ్మజూపెను. అంత తక్కువ ధరకు కంప్యూటరు దొరకునని ఎవరును తలచి యుండలేదు. అయితే ఆ ధరకు వచ్చిన యంత్రమునకు మెమొరీ 256 బైట్లు మాత్రమే. తెర లేదు, అక్షరముల మీటలు లేవు. ముందుభాగమునందలి చిన్న స్విచ్చులను ఎత్తుచు దించుచు అంకెలను ఎక్కింపవలయును. బేసిక్ అను భాషలో ఆదేశములు వ్రాయదలచినవానికి కనీసము 4 కిలోబైట్ల మెమొరీ కావలసియుండెను. ఏనుగును కొని అంకుశమునొద్ద బేరమాడరాదని మన పెద్దలందురు గాని, ఇచ్చట అంకుశపు ధర ఏనుగును అమ్మునప్పుడు ఎవరును గట్టిగా చెప్పలేదు.

కంపెనీవారి 4 కిలోబైట్ల మెమొరీ పలకలు సరిగా పనిచేయవని ఫిర్యాదులు వచ్చెను. ఇతరులు చేసిన పలకలు వానికంటె మేలుగా నుండెను. కాని బేసిక్ భాషను తమ పలకలతో కలిపి కొనువారికి చౌకగాను, విడిగా కొనువారికి 500 డాలర్లకును అమ్మిరి. యంత్రముకంటె దానికి నేర్పు భాషయే ప్రియమయ్యెను! కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు సభ్యులు దానికి నకళ్లు తీసి పంచుకొనిరి. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ అభిరుచిపరులను దొంగలని నిందించుచు బహిరంగలేఖ వ్రాసెను. దొంగతనమును మేము సమర్థింపము; విద్యార్థులు ఈ మాటను మరువరాదు. అయినను, మొదటి ధరను తగ్గించి చూపి, తరువాత కావలసినవానిలో లాభము తీయు పద్ధతి వర్తకమునందు న్యాయమైనదని ఒప్పుకొనుటయు మాకు సాధ్యము కాదు.

1977లో వచ్చిన ఆపిల్ II యంత్రము ఈ విషయమున ఎంతయో మెచ్చదగినది. 4 కిలోబైట్ల మెమొరీతో దాని ధర 1,298 డాలర్లు. 48 కిలోబైట్లతో 2,638 డాలర్లు. తేడా 1,340 డాలర్లు, అనగా మెమొరీకిచ్చు అదనపు సొమ్ము యంత్రపు తొలి ధరను మించియున్నది. కాని లోపలి పలకపై చిప్పులను అతికివేయక, వరుసకు ఎనిమిది చొప్పున మూడు వరుసల గూళ్లలో గ్రుచ్చిరి. చిన్న చిప్పు కూర్చున్న గూటిలోనే పెద్ద చిప్పును కూర్చుండబెట్టవచ్చును. మూత యెత్తుటకు మరమేకు విప్పనక్కరయు లేదు. కావున తెలివిగలవాడు తక్కువ మెమొరీతో కొని, పని నేర్చుకొనుచు, చిప్పుల ధరలు దిగినకొలది ఒక్కొక్క వరుస నింపుకొనెను. అతడు కొనినవాడును, ఆగినవాడును కూడ.

1984 జనవరిలో అదే కంపెనీ 2,495 డాలర్లకు అమ్మిన మెకింటాష్ సంగతి వేరు. దాని 128 కిలోబైట్ల మెమొరీ పదునారు చిప్పులుగా పలకకు సీసముతో అతుకబడి, పెట్టె మూయబడి యుండెను. ఆ పలకను రచించిన బరెల్ స్మిత్ పెద్ద చిప్పులు రాగలవని ముందే యెరిగి వానికి దారి యుంచెను. ఆ యేడే 512 కిలోబైట్ల క్రొత్త నమూనా వెలువడగా, మొదట కొనినవారు నొచ్చుకొనిరి. కొందరు కంపెనీవారికి సొమ్ము చెల్లించి పలకను మార్పించుకొనిరి. ధైర్యము గలవారు పెట్టె విప్పి, ఆ పదునారు చిప్పులను కాల్చి యూడదీసి, క్రొత్తవానిని స్వహస్తములతో అతికించుకొనిరి. ఇట్టివారిని ఆనాడు పిచ్చివారన్నవారు గలరు. మేము అట్లనము.

ఇక ఆగుదమన్నవారి పక్షము. వారికి బలమైన సాక్ష్యము 1983వ సంవత్సరమే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి 99/4ఏ అను యంత్రము 1981లో 525 డాలర్లుండి, 1983లో 99 డాలర్లకు పడిపోయెను. 1982లో 595 డాలర్లకు వచ్చిన కమడోర్ 64 మరుసటి యేట 200 డాలర్ల దరిదాపునకు దిగెను. కమడోర్ వారికి చిప్పులు చేయు కర్మాగారము స్వంతముగా నుండుటచే, ఇతరులు నష్టపడు ధరకు వారు లాభముతో అమ్మగలిగిరి. ఏ పాత కంప్యూటరును తెచ్చియిచ్చినను 100 డాలర్లు తగ్గింతుమని వారు ప్రకటింపగా, అంతకంటె చౌకగా దొరకు టైమెక్స్ సింక్లెయిర్ యంత్రమును అందుకొరకే కొని తెచ్చినవారును గలరట. 525 డాలర్లు పోసినవాని మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. అయితే 99 డాలర్లకు కొనినవాడు మాత్రము గెలిచెనా? 1983 అక్టోబరులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంటి కంప్యూటర్ల వ్యాపారమునుండియే తొలగెను. యంత్రము చౌకగా దొరకినది గాని, దాని వెనుక నిలుచువాడు లేకపోయెను.

ధర యెల్లప్పుడు దిగుననుటయు సత్యము కాదు. ఒక చిప్పులో నిముడు భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగునని గోర్డన్ మూర్ 1965లో చెప్పి, 1975లో దానిని రెండేండ్లకొకసారియని సవరించెను. దీర్ఘకాలమునకు ఆ మాట నిలిచెను. కాని 1988లో మెమొరీ చిప్పులకు కొరత యేర్పడి, ధరలు పైకెగసెను. 1993 జూలైలో జపానుదేశపు నీహామా పట్టణమున, చిప్పులను పొదుగు జిగురును చేయు కర్మాగారమొకటి పేలిపోగా మరల అట్లే జరిగెను. ఆ వేసవికి ఆగినవారు మూర్ గారి లెక్కను నమ్మి యాగినవారే.

విడిచిన పద్దును గూర్చి చెప్పెదము. అది వయస్సు. పదమూడేండ్ల బాలుడు మూడేండ్లు ఆగినయెడల యంత్రము చౌకయగును. అతడు మరల పదమూడేండ్లవాడు కాడు. బిడ్డకు పెండ్లి కుదిరినప్పుడు బంగారము దిగువరకు ముహూర్తమును ఆపువారు మనలో లేరు. మన దేశమున 1984లో క్లాస్ అను పథకముక్రింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రములు పంపబడెను. 32 కిలోబైట్ల మెమొరీ గల ఆ నమూనాకంటె బలమైనవి అప్పటికే లోకమున నుండెను. మేలైనది వచ్చువరకు ఆగుదమనియున్నచో ఆ పిల్లలు ఆ యేడు చేతితో తాకగలిగినదేమియు నుండెడిది కాదు.

ఎగబ్రాకువారి పక్షమును ఇంత గట్టిగా సమర్థింపలేము. 1989లో ఇంటెల్ కంపెనీ తాను చేసిన 286 చిప్పు పేరుమీదనే ఎఱ్ఱని అడ్డగీతలు గీసి, 386 కొనుడని ప్రకటనలు వేసెను. ఉత్తరములు వ్రాసి, చిన్న దుకాణపు జమాఖర్చులు చూచుకొనువానికి ఆ 286 ముందటి దినమున చాలియుండెను, మరునాడును చాలెను. మారినది ప్రకటన మాత్రమే.

నేటికిని అనేకములగు పలుచని ల్యాప్‌టాప్‌లయందు మెమొరీ అతికియే వచ్చుచున్నది. ఎంత కావలయునో కొననాడే నిర్ణయింపవలయును. ఏ మాసమున కొనిన తగ్గింపు దొరకునని విద్యార్థుల తలిదండ్రులు మమ్మడుగుచుందురు. మాసము సంగతి మాకు పట్టదు. మెమొరీ పెంచుటకు ఖాళీ గూడు గలదా, లేదా అని దుకాణదారుని అడిగి, వీలైనచో మూత విప్పించి చూడుడని మాత్రము చెప్పుచున్నాము. కొందరు దుకాణదారులు ఇందుకు విసుగుకొందురు. విసుగుకొననిండు.