మెట్లమీద మోపిన నేరము

మన కామాఠీపుర చాళ్లలో మెట్లు ఇరుకైనవే, నిటారైనవే. కాని వానిపై మోపబడుచున్న నేరములన్నియు వానివి కావు. ఒడలెల్ల కమిలిన బిడ్డను తెచ్చినవారు "మెట్లమీదనుండి పడినాడు" అందురు. వైద్యుడు ఆ మాటనే వ్రాసి, కట్టుకట్టి పంపివేయును.

పడిన బిడ్డకు దెబ్బలు మోకాళ్లకు, మోచేతులకు, నుదుటికి తగులుట సహజము. చెవులమీద, మెడమీద, వీపున కమిలిన గుర్తులున్నను, ప్రాకుటయైన నేర్వని పసికందునకు ఎముక విరిగినను వైద్యుడు ఆగి ఆలోచింపవలదా? 1946లో జాన్ కాఫీ, 1962లో హెన్రీ కెంప్ అమెరికాలో ఇట్టి గాయములనుగూర్చియే హెచ్చరించిరి.

వైద్యుని తీర్పు చెప్పుమని ఎవరును కోరుటలేదు. గాయమెక్కడ, ఎంత కొలత, ఏ ఆకారము, ఎప్పుడు చూచితిరి, ఎవరేమి చెప్పిరి - ఇంతమాత్రము కేసుపేపరుపై వ్రాసిన చాలును. "పడెను" అనుటకును, "పడెనని వెంటవచ్చినవారు చెప్పిరి" అనుటకును హస్తిమశకాంతరము. (కమిలిన రంగునుబట్టి దెబ్బ ఏనాటిదో లెక్కగట్టుట మాత్రము వలదు, అది నమ్మదగిన కొలత కాదు.)

మనవారికి మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో హిందీ మరాఠీలు, వైద్యుని కాగితమున ఇంగ్లీషు. ఇంటి మాట తప్ప ఎరుగని మూడేండ్ల బిడ్డ పలుకును వైద్యునికి తెలియజెప్పువాడెవడు? వెంటవచ్చిన పెద్దయే! కొట్టినవాడే దుబాసీయైనచో ఇక బిడ్డ గోడు వినువారెవరు? ఆ పలుకును పలికినట్లే, దేవనాగరి లిపిలోనైనను, వ్రాసికొనవలెను. లైంగికనేరమును నమోదుచేయు భాష బిడ్డకు తెలియనిచో దుబాసీని సమకూర్పవలెనని 2012 నాటి పోక్సో చట్టము 19వ విభాగమే చెప్పుచున్నది.

"పరువు పోవును, పెద్దలలో తేల్చుకొందము" అను మహానుభావులు రాజురా సంగతి వినవలెను. ఒకప్పుడు మన ఆదిలాబాదు జిల్లాలోనిదే ఆ ఊరు. అచట వసతిగృహ బాలికలపై అత్యాచారములు జరుగగా, చికిత్సచేసిన వైద్యుడు తెలిసియు తెలుపలేదని కేసు పెట్టిరి. బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసెను. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి, తెలిసియు తెలుపకుండుట తీవ్రమైన నేరమనినది. ఆ చట్టమున ఈ బాధ్యత వైద్యునికే కాదు, తెలిసిన ప్రతివారికిని కలదు. తప్పినవారికి ఆరుమాసములవరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. తేల్చుకొందమను పెద్దలును ఆ "ప్రతివారి"లోనివారే.

నాయరు, జె.జె. ఆసుపత్రులు మనకు కూతవేటు దూరముననే యున్నవి. తెలుగు చక్కగా పలుకగల స్త్రీలు పదిమంది పేర్లను మన సంఘము ఆ రెండింటికిని ఇచ్చి రారాదా?