కథకు ముందు పని

కథంటేనే కల్పన గదా, కల్పనకు పరిశోధన ఎందుకండీ అని మా తరగతిలో ఏటేటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వారపత్రిక చదివే ఏ ఇల్లాలిని అడిగినా దీనికి జవాబు దొరుకుతుంది. సీరియల్లో కథానాయిక సంక్రాంతినాడు భర్తకు అప్పుడే కలిపిన కొత్త ఆవకాయ వడ్డించిందనుకోండి. తరువాత ఆమె ఎన్ని కన్నీళ్ళు కార్చినా ఆ ఇల్లాలు కరగదు. పుష్యమాసంలో ఆవకాయకు కాయ ఎక్కడ దొరికిందమ్మా అని పత్రిక పక్కన పడేస్తుంది.

చిన్న అబద్ధం పెద్ద నిజాన్ని చెడగొట్టే తీరు ఇది. అందుకే గొప్ప రచయితలు చేతికంటె ముందు కాళ్ళకు పని చెప్పారు.

ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా గనికార్మికుల నవల తలపెట్టి, 1884 ఫిబ్రవరిలో ఆంజాన్ బొగ్గుగనులకు వెళ్ళాడు. అప్పుడక్కడ సమ్మె జరుగుతున్నది. కూలీల ఇళ్ళు చూశాడు. తానే గనిలోకి దిగాడు. చూసినదంతా కాగితం మీద పెట్టుకున్నాడు. 1885లో ‘జెర్మినాల్’ వెలువడింది. అందులో బతాయ్ అనే తెల్లగుర్రం ఉన్నది. పదేళ్ళుగా భూమి అడుగునే బళ్ళు లాగుతున్నది. గని లోతెంతో పాఠకుడు మరచిపోవచ్చు; ఎండ మొహం చూడని ఆ గుర్రాన్ని మరచిపోలేడు.

మన ఇంట్లోనే ఇంకా గట్టి ఉదాహరణ ఉన్నది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ నాటకమే అయినా కథకులకూ పాఠ్యగ్రంథమే. 1897లో అచ్చయిన తొలికూర్పునకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠిక చూడండి. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణుల శుల్కవివాహాలకు పట్టిక తయారు చేయించారు. చెప్పడానికి జనం జంకినా 1,034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. మూడేళ్ళవారు 36 మంది. ఏడాది పసికందులు ముగ్గురు! ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు.

ఈ పట్టికను గురజాడవారు ఏ పాత్రచేతా చదివించలేదు. చదివిస్తే అది ఉపన్యాసమయ్యేది. దానికి బదులు సుబ్బి అనే ఒక్క పిల్లను, ఆమెను ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోయే తండ్రి అగ్నిహోత్రావధాన్లును మన ముందు నిలబెట్టారు. ఆ తండ్రిని చూసి నవ్వుతాం, నవ్వుతూనే సిగ్గుపడతాం. వెయ్యిన్నీ ముప్పై నాలుగు పెళ్ళిళ్ళ గోడు ఒక్క ఇంట్లో ఇమిడిపోయింది. తెలిసినదంతా రాయనక్కరలేదు, రాసినదంతా మాత్రం తెలిసి ఉండాలి.

నేడు ఏ సంగతైనా చేతిలోని ఫోనులో దొరుకుతుంది. గుంటమగ్గం కొలతలు అది చెబుతుంది. ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని పొద్దస్తమానం కూర్చున్న నేతగానికి సాయంత్రం నడుము ఎట్లా ఉంటుందో అతణ్ణే అడగాలి. అడిగితే చెబుతాడు. చెప్పి, తన బతుకును మన చేతిలో పెడతాడు. మనం పొరపాటు రాస్తే మనకు పోయేది ఒక కథే. అతని బతుకు మాత్రం ఊరూవాడా తప్పుగా చదువుకుంటుంది.

కాబట్టి కథలు రాసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నేతగాని కథ రాస్తే అచ్చుకు పంపేముందు ఒక నేతగానికి చదివి వినిపించండి. అతడు తల ఊపితే, విమర్శకుల మాట తరువాత చూసుకోవచ్చు.