ఆటలో పెంచిన అడవి ఎవరి భూమిలో?

మన సంఘం సభ్యుడి కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. సంక్రాంతికి ఇంటికొచ్చి, కాలేజీలో ప్రపంచ వాతావరణ చర్చల ఆట ఆడామని చెప్పింది. అరుగు మీద కూర్చుని మేమంతా విన్నాం.

అమెరికాలోని ఎంఐటీ, క్లైమేట్ ఇంటరాక్టివ్ అనే సంస్థ కలిసి తయారుచేసిన ఆట ఇది. పిల్లలు అమెరికా, ఐరోపా, చైనా, ఇండియా అంటూ జట్లు కడతారు. ధనిక దేశాలకు బల్లలు, తినుబండారాలు. పేద దేశాలకు కటిక నేల. ఏ ఏడు నుంచి పొగ తగ్గిస్తారో, ఎన్ని చెట్లు పెంచుతారో, నిధికి ఎంత ఇస్తారో జట్లు చెప్పాలి. ఆ లెక్కలు కంప్యూటర్‌లో వేస్తే 2100 నాటికి భూమి ఎంత వేడెక్కుతుందో తేలుతుంది.

పిల్లలను మేం తప్పుపట్టడం లేదు. నేల మీద కూర్చుంటే కొన్ని నిజాలు తెలుస్తాయి. 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో ధనిక దేశాలు మాటిచ్చాయి. గడువుకు ఇవ్వలేదు. 2024లో బాకులో పేద దేశాలు ఏటా లక్షా 30 వేల కోట్ల డాలర్లు కావాలంటే, 2035 నాటికి 30 వేల కోట్లు అన్నాయి. ఈ బేరం పిల్లలకు తెలియాల్సిందే.

మా పేచీ చెట్ల దగ్గర. ఆ అంకె పెంచితే తెర మీద వేడి తగ్గుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. కానీ చెట్టు గాలిలో మొలవదు కదా! "ఆ భూమి ఎవరిదమ్మా?" అని అడిగాం. "అది ఎవరూ అడగలేదు పెదనాన్నా" అంది.

మేం అడుగుతున్నాం. పోడు రైతుదా? అసైన్డ్ పట్టాదారుదా? గొర్రెలు మేసే బంజరా?

ఇండియాకు ఒక్కటే కుర్చీ వేశారు. అందులో బొగ్గు కంపెనీనీ, కౌలు రైతునూ కలిపి కూర్చోబెట్టారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వరి పనలు నీళ్లలో నానాయి. కార్డు లేని కౌలు రైతు పంటా పోగొట్టుకున్నాడు, పరిహారం జాబితాలో పేరూ లేదు. ఆయన గోడు చెప్పే జట్టు ఏది?

ఆటే కదా అనొచ్చు. ఈ పిల్లలే రేపు అధికారులు, బ్యాంకు మేనేజర్లు. ఈ రోజు అడగని ప్రశ్న రేపు ఫైలులోనూ ఉండదు.

ఆట ఆపమనడం లేదు. రైతుకు, కౌలుదారుకు, కూలీకి ఒక జట్టు పెట్టండి. చెట్లు పెంచుతామన్న జట్టు ఏ భూమిలోనో, ఏ గ్రామసభ ఒప్పుకుందో కూడా చెప్పాలని నియమం పెట్టండి.

మండల కమిటీలు దగ్గర్లోని కాలేజీలకు వెళ్లి ఈ మాట చెప్పాలి. పిలుపు కోసం చూడొద్దు. మన భూమి గురించి మాట్లాడేచోట మనం ఉండాలి.