లెక్కకు రాని మెఱుపులు

మన ప్రయోగశాలలో ప్రతి సంవత్సరమును లోలకమును ఊగించి గురుత్వ త్వరణమును కనుగొను ప్రయోగము జరుగుచుండును. నలువదిమంది విద్యార్థులు నలువది నోటుపుస్తకములను తెచ్చి నా బల్లపై నుంచుదురు. అన్నిటను ఫలమొక్కటియే, 980. దారము పొడవు కొలుచుటలో ఒకరును పొరపడలేదు. ఇరువది ఊపులు లెక్కించుటలో ఒకరును తడబడలేదు. కిటికీగాలికి ఒకరి గుండైనను ప్రక్కకు తొలగలేదు! ఇందులో వింత యేమన, మన తెలుగుదేశమున ఆ విలువ నిజముగా 978కిని 979కిని నడుమ నుండును. 980 అనునది పుస్తకములలో వాడుకకై సవరించిన సంఖ్య. కావున మనవారు సత్యమును విడిచి పుస్తకమును కొలుచుచున్నారు.

పిల్లలను నిందించుటకు నేను తగను. నేను విద్యార్థిగా నున్న దినములలో నాకు 942 వచ్చినది. ప్రక్కవాని పుస్తకము చూచి, కాలములను దిద్ది, 980 అని వ్రాసి, పదింట తొమ్మిది మార్కులు పుచ్చుకొంటిని. ఆ 942 ఏల వచ్చెనో నేటికిని నే నెఱుగను. నన్నడిగినవారును లేరు.

ఇది స్వల్పదోషమని తలంచు తలిదండ్రులకును, నా తోడి ఉపాధ్యాయులకును, ఆకాశమునకు సంబంధించిన యొక వృత్తాంతమును విన్నవించెదను.

గామా కిరణములను 1900లో పారిసు నగరమున పాల్ విల్లార్డు రేడియమును పరిశోధించుచు కనుగొనెను. ఇవి వెలుతురు జాతివే. కాని మన కంటికి కనబడు వెలుతురు కణమునకు రెండు మూడు ఎలెక్ట్రాను వోల్టుల శక్తి యుండగా, వీని శక్తి దానికి లక్షల రెట్లు మొదలుకొని కోట్లాది కోట్ల రెట్లవఱకు నుండును. ఆకాశమునుండి వచ్చు ఈ కిరణములను మన వాయుమండలము నేలకు దిగనీయదు. అది మన ప్రాణములకు మేలే గాని ఖగోళ శాస్త్రజ్ఞునకు గోడవంటిది. గోడకు ఆవలికి పోయి చూచుటకు 1961లో ఎక్స్‌ప్లోరర్ 11 అను ఉపగ్రహమును పంపిరి. అది కొన్ని మాసములు తిరిగి పట్టినవి 22 కిరణములు మాత్రమే.

1963వ సంవత్సరమున అమెరికా, బ్రిటను, సోవియటు రష్యాలు గాలిలోను, అంతరిక్షమునను, నీటిక్రిందను అణుబాంబులను పరీక్షింపరాదని ఒడంబడిక చేసికొనెను. ఒడంబడిక చేసికొనినంతమాత్రమున నమ్మకము కుదురునా? దొంగచాటు పరీక్షలను పట్టుటకై అమెరికావారు వేలా అను పేర జంటజంటలుగా ఉపగ్రహములను భూమికి లక్ష కిలోమీటరులకు మించిన యెత్తున నిలిపిరి. బాంబు పేలినచో వెలువడు గామా కిరణములను గుర్తించుటయే వాని పని.

1969లో లాస్ అలమాస్ పరిశోధనాలయమున రే క్లీబెసాడెల్, రాయ్ ఓల్సన్ అను నిరువురు ఈ ఉపగ్రహములు పంపిన పాత లెక్కలను ఓపికతో తిరుగవేయుచుండగా, 1967 జూలై 2వ తేదీ నాటి గుర్తొకటి కంటబడెను. అది బాంబు గుర్తు కాదు. బాంబు మెఱుపు తటాలున లేచి అణగిపోవును. దీనికో రెండు శిఖరములు గలవు. సూర్యునియందు ఆనాడు విశేషమైన జ్వాలయు లేదు. వారికి ఒప్పగించిన పని బాంబులను వెదకుట. బాంబు కాని దానిని చెత్తబుట్టలో వేసినను అడుగువారు లేరు. వారు వేయలేదు. ప్రక్కకు తీసి భద్రపఱచి, ఇంకను సూక్ష్మముగా కాలమును గుర్తించు క్రొత్త ఉపగ్రహముల లెక్కలకై వేచియుండిరి.

మెఱుపు ఒక ఉపగ్రహమును ముందుగాను మఱియొకదానిని వెనుకగాను తాకును. ఆ యెడమునుబట్టి అది యే దిక్కునుండి వచ్చెనో గణింపవచ్చును. అట్లు గణింపగా అవి భూమినుండి గాని సూర్యునినుండి గాని వచ్చినవి కావని తేలెను. 1973లో ఇయన్ స్ట్రాంగుతో గూడి వారు 16 మెఱుపుల వృత్తాంతమును ప్రకటించిరి.

ఆ పిమ్మట ఇరువదేండ్లకు పైగా పండితులలో వాదములు చెలరేగెను. ఇవి మన పాలపుంతలోనివే యని పెక్కుమంది నమ్మిక. అయినచో పాలపుంత చాలువెంబడి గుంపులుగా కనబడవలెను గదా! 1991లో ఎగిరిన కాంప్టను వేధశాల తొమ్మిదేండ్లలో 2,704 మెఱుపులను నమోదుచేయగా, అవి నలుదిక్కులను సమముగా చల్లినట్లుండెను. తుదకు 1997లో బెప్పోసాక్స్ అను ఉపగ్రహము మెఱుపు చల్లారుచుండగనే దాని తావును చూపుటచే, దూరదర్శినులు అటు తిరిగి, అవి వందలకోట్ల కాంతి సంవత్సరముల దవ్వునుండి వచ్చుచున్నవని నిర్ణయించెను. అంత దూరమునుండి కనబడవలెనన్న ఎంత శక్తి కావలెను? సూర్యుడు తన వేయికోట్ల సంవత్సరముల ఆయువులో వెదజల్లు శక్తితో సరితూగునది కొన్ని సెకండ్లలో వెలువడుచున్నదన్నమాట. మహానక్షత్రముల గర్భము కుప్పకూలి కృష్ణబిలమగునప్పుడు కొన్ని, రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొనునప్పుడు కొన్ని పుట్టును. 2017 ఆగస్టు 17న అట్టి ఢీ యొకటి జరిగిన సూచనగా గురుత్వ తరంగములు మొదట అందెను, 1.7 సెకండ్లకు గామా మెఱుపు అందెను. 2022 అక్టోబరు 9న వచ్చినదో, సుమారు 190 కోట్ల సంవత్సరములు పయనించి వచ్చియు మన వాయుమండలపు పై పొరలను కలతపెట్టినది.

మనవారును ఈ పనిలో వెనుకబడియుండలేదు. 2015లో శ్రీహరికోటనుండి ఎగసిన ఆస్ట్రోశాట్ ఇట్టి మెఱుపులను వందలకొలది పట్టినది. లడఖునందలి హాన్లేలో 4,270 మీటరుల యెత్తున మేస్ అను 21 మీటరుల దూరదర్శిని 2024 అక్టోబరులో ప్రారంభింపబడినది. దానిని భాభా అణు పరిశోధన కేంద్రమువారు నిర్మింప, మన హైదరాబాదులోని ఎలెక్ట్రానిక్సు కార్పొరేషనువారు తోడ్పడిరి. గామా కిరణము గాలిని తాకి చచ్చునప్పుడు క్షణములో అణుమాత్రము నిలుచు నీలికాంతిని అది చూచును. అడ్డుగోడనే అద్దముగా చేసికొనిన యుపాయము నాకు మిక్కిలి ఇష్టము.

"వింత గుర్తులన్నియు నూతన నక్షత్రములగునా? పిల్లవాని 942 వట్టి పొరపాటే గదా" యని మిత్రుడొకడు నన్ను ఆక్షేపించెను. నిజమే. నేను దారమును తప్పుగా కొలిచియుందును, లేదా ఊపులలో ఒకటి దాటవేసియుందును. నూటికి తొంబదితొమ్మిది వింతలు మన చేతి దోషములే. అయితే దోషమును పట్టుటకైనను దానిని వ్రాసియుంచవలెను గదా! చెఱిపినదానిని మరల పరీక్షించుట యెట్లు? పైగా, నిజమైన వింతకు తనదైన ముద్ర యేదియు నుండదు. 1967 నాటి గుర్తును మొదట చూచినప్పుడు అదియు లెక్కకు రాని గీత వంటిదే.

తప్పు పిల్లలదికాదు, మార్కులు వేయు మాది. 980కి దగ్గఱగా నున్నవానికి పది, దూరముగా నున్నవానికి నాలుగు అని వేసితిమేని, బుద్ధిగల బాలుడు దిద్దక యేమి చేయును? తలిదండ్రులును ఇంటికడ "ఏల తగ్గినవి?" అని మార్కులనుగూర్చి యడుగుదురే గాని, "ఏమి చూచితివి?" అని యడుగరు. కావున నా విన్నప మిది. ప్రయోగమునకు పది మార్కులున్నచో ఆరు కొలతలు ఉన్నవి ఉన్నట్లు వ్రాసినందుకును, మూడు తేడాకు కారణము వెదకినందుకును, ఒక్కటి మాత్రము ఫలము సరిపడినందుకును ఈయవలెను. మా సహాధ్యాపకులలో కొందఱికి ఇది హాస్యాస్పదముగా తోచవచ్చును.

వచ్చు జూను మాసమున క్రొత్త నోటుపుస్తకములు తెచ్చు పై తరగతులవారు తుది పుటను ఖాళీగా విడువవలెను. సరిపడని కొలతలకు అది చోటు. మొదటి దినమున నల్లబల్లపై నా 942ను నేనే వ్రాసి, అదే పొడవు దారముతో మరల ఊగించి చూచెదను.